వచ్చేవాళ్ళ కోసం ఒక చీటీ

మన స్కూల్లో కొత్తగా చేరిన పిల్లల్ని "మీది ఏ ఊరు?" అని అడిగితే వెంటనే జవాబు రాదు. పుట్టిన ఊరు చెప్పాలా, అమ్మమ్మగారి ఊరు చెప్పాలా, కిందటేడు చదివిన ఊరు చెప్పాలా అని కాసేపు ఆలోచిస్తారు. ఆ ఆలోచన నాకు బాగా తెలుసు. పదకొండేళ్ళ సర్వీసులో నేను అయిదు ఊళ్ళలో తెలుగు పాఠాలు చెప్పాను. మా అమ్మాయి మూడో తరగతికి వచ్చేసరికి మూడు స్కూళ్ళు చూసింది.

ఆ మూడో స్కూలు ఉన్న ఊరు బీదరు. కర్ణాటకలో ఉన్నా తెలుగువాళ్ళకు మరీ పరాయి ఊరేమీ కాదు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. జహీరాబాదు నుంచి బస్సెక్కితే గంటలోపే చేరుకోవచ్చు. పెద్ద కోట, మహమూద్ గవాన్ కట్టించిన మదరసా, నల్లని లోహం మీద వెండి పొదిగే బిద్రీ పని, గురునానక్ ఝీరా గురుద్వారా అన్నీ ఆ ఊళ్ళోనే. బజారుకు వెళ్తే ఒకే కూరగాయల బండి దగ్గర కన్నడం, ఉర్దూ, మరాఠీ, తెలుగు వినబడతాయి.

చేరిన వారానికే మా అమ్మాయి ఒక మాట అంది. "అమ్మా, ఇక్కడ నేను ఫ్రెండ్స్‌ని చేసుకోను. రెండేళ్ళయ్యాక ఎలాగూ వెళ్ళిపోతాం కదా." ఏడుస్తూ అనలేదు. లెక్క చేసి చూసుకుని చెప్పినట్టు చెప్పింది. ఎనిమిదేళ్ళ పిల్ల అలా మాట్లాడితే ఏం చెప్పాలో నాకు తోచలేదు. మావారు హైదరాబాదులో పనిచేసేవారు, శనివారం రాత్రికి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోయేవారు. ఆయనా విని ఊరుకున్నారు.

ఆ మాటకు జవాబు మాకు పుస్తకాల్లో దొరకలేదు. మా వీధి చివర ఉన్న చిన్న మెథడిస్టు చర్చి చుట్టుపక్కల, రెండేళ్ళలో, కొద్దికొద్దిగా దొరికింది.

మేం క్రైస్తవులం కాము. మా ఇంటి దేవుడి గూట్లో వేంకటేశ్వరస్వామి పటం ఉంటుంది. మేం అద్దెకున్న ఇల్లు ఒక రిటైరైన నర్సమ్మగారిది. ఆవిడ పుట్టినిల్లు జహీరాబాదు వైపు, మాట తెలుగే. మేం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. ఆవిడ మమ్మల్ని మీ దేవుడెవరని ఎప్పుడూ అడగలేదు. దీపం పెట్టేవేళకు వస్తే గడప దగ్గరే నిలబడి, నేను దండం పెట్టుకున్నాక లోపలికి వచ్చేది.

మొదటి ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ చేతిలో ఒక నోటుబుక్కుతో మా ఇంటికొచ్చింది. అద్దె లెక్క కాబోలనుకున్నాను. కాదు. వాళ్ళ సంఘంలోని ఇళ్ళను వీధుల వారీగా చిన్న చిన్న గుంపులుగా విడదీసుకున్నారు. మా వైపు పన్నెండు ఇళ్ళకు ఆవిడ పెద్ద. వారానికోసారి ప్రతి ఇంటికీ వెళ్ళి ఎలా ఉన్నారో కనుక్కుని రాసుకునేది. పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. "మోకాలి నొప్పి", "కొడుకు పరీక్ష", "చెరకు కొట్టడానికి పోయిన్రు, ఇల్లు తాళం" ఇలా ఉండేవి ఆ రాతలు. మాది చర్చికి వచ్చే ఇల్లు కాకపోయినా ఆఖరి పేజీ మాకిచ్చింది. "టీచరమ్మ. కొత్తగ వచ్చిన్రు. బిడ్డకు దగ్గు." మేం ఊళ్ళోకొచ్చిన ఆరో రోజుకే మా పిల్ల దగ్గు ఒకరి పుస్తకానికి ఎక్కింది!

ఈ పద్ధతి ఎక్కడిదని అడిగితే పెద్దమ్మకు తెలిసింది ఆవిడ చెప్పింది, మిగిలింది నేను తర్వాత చదువుకున్నాను. జాన్ వెస్లీ అనే ఆయన 1703లో ఇంగ్లండులో పుట్టాడు. ఆక్స్‌ఫర్డులో ఉన్నప్పుడు ఆయనా, తమ్ముడు చార్లెస్, మరికొందరు స్నేహితులు వేళ ప్రకారం చదువు, వేళ ప్రకారం ప్రార్థన, వేళ ప్రకారం ఖైదీల దగ్గరికి వెళ్ళడం పెట్టుకున్నారు. అన్నీ ఒక పద్ధతి ప్రకారం చేస్తున్నారని తోటివాళ్ళు ఎగతాళిగా "మెథడిస్టులు" అన్నారు. ఆ ఎగతాళి పేరే నిలిచిపోయింది. 1742లో బ్రిస్టల్ నగరంలో వాళ్ళు కట్టుకున్న ప్రార్థన మందిరం మీద అప్పు మిగిలింది. మనిషికి వారానికి ఒక పెన్నీ చొప్పున వేసుకుని తీర్చాలనుకున్నారు. పన్నెండుమందికి ఒకరు చొప్పున వసూలుకు బయల్దేరారు. ఇవ్వలేని పేదల తరఫున తానే వేస్తానని ఒకాయన ముందుకొచ్చాడు. పెన్నీ కోసం ఇంటింటికీ వెళ్ళినవాళ్ళకు అక్కడ జబ్బులు, తగాదాలు, ఆకలి కనబడ్డాయి. వసూలు కోసం మొదలైన తిరుగుడు, మనుషుల్ని చూసుకునే తిరుగుడుగా మారింది. బీదరులో మా పెద్దమ్మ చేతిలోని నోటుబుక్కు దాని మనవరాలన్నమాట.

మన ప్రాంతానికి మెథడిస్టులు రెండు దారుల్లో వచ్చారు. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు మెదకు వైపు పనిచేశారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అక్కడ కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ కట్టించిన పెద్ద చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. ఆ శాఖ 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయింది. అమెరికా నుంచి వచ్చినవాళ్ళ శాఖ హైదరాబాదు, వికారాబాదు, జహీరాబాదు, బీదరు వైపు విస్తరించి, 1981 నుంచి ఇండియా మెథడిస్టు సంఘంగా సొంతంగా నడుస్తోంది. వికారాబాదు దగ్గరి ధారూరులో ఏటా నవంబరులో వీళ్ళది పెద్ద కూడిక జరుగుతుంది. జనం మూటాముల్లెతో వెళ్ళి చెట్ల కింద గుడారాలు వేసుకుంటారు. దాన్ని అందరూ జాతర అనే పిలుస్తారు. సీమ నుంచి వచ్చిన పద్ధతి మన మట్టిలో దిగాక మన మాటే తొడుక్కుంది.

అక్కడందరూ దేవతలని చెప్పను. కోతల పండుగ నాడు చర్చి ముందు గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోళ్ళు వేలం వేశారు. ఒక కోడిగుడ్డు నూటయాభై రూపాయలకు పాడుకుని, పాడినాయన దాన్ని మళ్ళీ వేలానికే ఇచ్చేస్తే మా అమ్మాయి కళ్ళింత చేసుకుని చూసింది. అదే వేలంలో ఇద్దరు అన్నదమ్ములు గుమ్మడికాయ దగ్గర మాటామాటా అనుకున్నారు. ప్రహరీగోడ గురించి వాళ్ళకు పాత తగాదా ఉంది. ఇద్దరూ పెద్దమ్మ గుంపులోని వాళ్ళే. ఆవిడ ఆ వారం కూడా ఇద్దరి ఇళ్ళకూ వెళ్ళింది. ఇద్దరి పేజీల్లోనూ "బీపీ" అని రాసుకుంది. మేం ఊరు విడిచేదాకా ఆ గోడ తగాదా తీరలేదు. కానీ చిన్నవాడి భార్యను ఆసుపత్రిలో చేర్చిన రాత్రి ఆటో పిలిచింది పెద్దవాడే.

ఇక మా అమ్మాయి సంగతికి వస్తాను.

చర్చి పక్కనే పాస్టరుగారి ఇల్లుండేది. దాన్ని పార్సనేజి అంటారు. పాస్టరుగారి అబ్బాయి ఆరో తరగతి. వీధి పిల్లలందరికీ వాడే నాయకుడు. స్నేహితులు వద్దన్న మా పిల్లను క్రికెట్‌లో బంతి తెచ్చే పనికి పెట్టుకున్నాడు. అది స్నేహం కిందికి రాదని ఇద్దరూ అనుకున్నట్టున్నారు, రోజూ ఆడుకునేవాళ్ళు.

మా రెండో ఏడు పాస్టరుగారికి బదిలీ అయింది. మెథడిస్టుల్లో పాస్టర్లు ఒకేచోట ఉండిపోరు. వెస్లీ కాలం నుంచీ అంతే. ఆయన ఎనభై దాటాక కూడా ఊరూరా తిరుగుతూనే ఉన్నాడు. తన ప్రసంగీకులను కూడా ఒకచోట పాతుకుపోనివ్వలేదు. ఇప్పటికీ ఏటా పెద్ద సమావేశం జరుగుతుంది, ఎవరిని ఏ ఊరికి వేశారో బిషప్‌గారు అక్కడ ప్రకటిస్తారు. ఈ మాట వినగానే మా అమ్మాయి ఆశ్చర్యపోయింది. "అంటే వాళ్ళకీ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తుందా? టీసీ తీసుకుంటారా?" అని అడిగింది. తీసుకుంటారన్నాను. ప్రపంచంలో మనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని ఆ రోజే దానికి తెలిసింది.

తర్వాతి పదిహేను రోజులు మేమిద్దరం దగ్గరుండి చూశాం. పాత పాస్టరుగారి సామాను లారీ ఎక్కిన మర్నాడే పార్సనేజికి సున్నం వేశారు. కుళాయి బాగుచేశారు. పెద్దమ్మ పన్నెండిళ్ళకూ తిరిగి ఎవరేమివ్వాలో చెప్పింది. ఒకరు బియ్యం, ఒకరు జొన్నపిండి, ఒకరు కందిపప్పు, ఒకరు నూనె. గోడ తగాదా అన్నదమ్ముల్లో ఒకరికి ఉప్పు, ఇంకొకరికి అగ్గిపెట్టె. మమ్మల్నీ వదల్లేదు. మా వంతు చింతపండు. కొత్తవాళ్ళు రాత్రి ఎనిమిదింటికి దిగినా బజారుకు పరుగెత్తకుండా పొయ్యి వెలిగించుకోవాలని ఆవిడ లెక్క.

వెళ్ళేముందు పాస్టరుగారి అబ్బాయి ఒక పని చేశాడు. లెక్కల నోటుబుక్కులో ఒక కాగితం చింపి, కొత్తగా వచ్చే పిల్లల కోసం చీటీ రాశాడు. మూలమలుపు ఇంటి కుక్క మొరుగుతుంది కానీ కరవదు. సైకిలు గాలి డబ్బులు రేపిస్తానంటే ఇంజినీరింగు షాపు తాత ఒప్పుకుంటాడు. పార్సనేజి వెనక జామచెట్టుకు తూర్పు కొమ్మ కాయలే తియ్యగా ఉంటాయి. చివర్లో మా అమ్మాయి పేరు రాసి, "బంతి తెస్తుంది, ఇప్పుడు బ్యాటింగ్ కూడా వచ్చు" అని రాశాడు. ఆ చీటీని వంటింటి కిటికీ ఊచకు కట్టి వెళ్ళాడు. వాడు వెళ్ళిన సాయంత్రం మా పిల్ల అన్నం తినలేదు.

ఆ రాత్రి పెద్దమ్మను అడిగాను. "ఇంతమంది పాస్టర్లను పంపించారు కదా, ప్రతిసారీ ఇంత బాధపడాలంటే ఎలా పెద్దమ్మా?"

"నొస్తది బిడ్డా," అంది. "నొయ్యకుంటే ఆళ్ళు మనోళ్ళు కానట్టే కద. నొస్తదని తెలిసే సున్నమేసినం."

మా అమ్మాయి పక్కనే కూర్చుని వింది. ఏమీ అనలేదు.

ఆ డిసెంబరు 31 రాత్రి పెద్దమ్మ పిలిస్తే చర్చికి వెళ్ళాం. పాత సంవత్సరం చివరి గంటల్లో మేలుకుని ప్రార్థించడం వాళ్ళ ఆచారం. కొత్త ఏడాది మొదట్లో చేసే ఒక నిబంధన ప్రార్థన కూడా వాళ్ళకుంది. వెస్లీ 1755లో మొదలుపెట్టిందట. దేవుడు ఏ పనిలో పెడితే ఆ పనిలో, ఎవరి పక్కన నిలబెడితే వాళ్ళ పక్కన ఉంటామని దాని భావం. పెద్దమ్మ దాన్ని చూడకుండా చెప్పింది. నాకది వేరే మతం మాటలా అనిపించలేదు. ఏటా ఆర్డర్ కోసం ఎదురుచూసే నాలాంటి ఉద్యోగి మనసులోకి నేరుగా వచ్చింది. ఆర్డర్ అందుకుని వెళ్ళిపోవడం అందరం చేస్తాం. వెళ్ళినచోట ఉండటానికి మనస్ఫూర్తిగా ఒప్పుకోవడం వేరే సంగతి. మొదటిది కాగితం చేయిస్తుంది. రెండోది మనమే చేయాలి, ప్రతి ఊళ్ళోనూ కొత్తగా చేయాలి. ఆ తర్వాత మా గూటి ముందు దండం పెట్టుకునేటప్పుడు మంచి ఊరికి వెయ్యమని అడగడం తగ్గించాను. వేసిన ఊళ్ళో మనుషులు కనబడేలా చూడమని అడుగుతున్నాను.

కొత్త పాస్టరుగారికి ఇద్దరు ఆడపిల్లలు. మా అమ్మాయి మొదటిరోజే వెళ్ళి చీటీ చూశారా అని అడిగింది. తూర్పు కొమ్మ ఏదో తనే చూపించింది. ఆరు నెలల తర్వాత మాకూ ఆర్డర్ వచ్చింది. ఇప్పుడు పెద్దమ్మ నోటుబుక్కులో మా పేజీ ఎవరికిచ్చిందో తెలియదు. అప్పుడప్పుడు ఫోనులో మాత్రం దగ్గు తగ్గిందా అని అడుగుతుంది.

పిల్లలూ, మీలో చాలామంది ఈ మార్చిలోనో వచ్చే మార్చిలోనో టీసీ తీసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు క్వార్టరులో ఫ్యాన్లు, బల్బులు లెక్కపెట్టి అప్పజెబుతాం కదా. దాంతోపాటు ఒక చిన్న చీటీ కూడా రాసి పెట్టండి. పాలు ఎవరు పోస్తారు, మైదానంలో నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, తరగతిలో ఎవరి పక్కన కూర్చుంటే దిగులు పోతుంది, ఇలాంటివి నాలుగు మాటలు చాలు. అయితే ఒక చిక్కుంది. ఊళ్ళో ఎవరితోనూ కలవనివాళ్ళకు ఆ చీటీలో రాయడానికి ఏమీ ఉండదు. కాబట్టి దాన్ని రాయడం ఊరు విడిచేరోజున కాక, ఊళ్ళో దిగినరోజునే మొదలుపెట్టాలి.