నల్లమల పువ్వులు, ఉన్న రంగులో

మన ఇళ్ళ గోడలకు వేలాడే క్యాలెండర్లను ఒకసారి చూడండి. గులాబీలుంటాయి, ట్యూలిప్ పువ్వులుంటాయి, మనమెన్నడూ చూడని మంచుదేశాల పూలతోటలుంటాయి. మన పొలం గట్టుమీది తంగేడు మాత్రం కనబడదు. పెరటి పువ్వుల సంగతీ ఇంచుమించు అంతే. బంతి మెక్సికో ప్రాంతం నుండి వచ్చింది. కాగితం పువ్వుల తీగ దక్షిణ అమెరికాది. ఎండాకాలంలో రోడ్ల పక్కన ఎర్రగా పూచే తురాయి మడగాస్కరు ద్వీపానిది. కనకాంబరం మాత్రం మన దక్షిణ భారతానికీ, శ్రీలంకకూ స్వంతమైనది. దూరం నుండి వచ్చిన పువ్వులను మనం కాదనడం లేదు. అవి మన వాకిళ్ళను అందగింపజేస్తున్నాయి. అయితే ఇక్కడే పుట్టి, మన తాతముత్తాతల కాలం నుండి మన కొండలమీద పూస్తున్న పువ్వుల పేర్లయినా పిల్లలకు తెలియకపోవడం విచారించవలసిన సంగతి.

అందుచేత మా సంఘంలోని సండే స్కూలు గదికి పన్నెండు పువ్వుల పటాలు చేసి పెట్టాలని అనుకున్నాము. పటం క్రింద తెలుగు పేరు, పూచే నెల, దాని ఉపయోగం, దానివలన అపాయముంటే ఆ అపాయం వ్రాయాలి. ఈ పని మీద మేము దంపతులం, మరి ఇద్దరు యౌవనస్థులు కలిసి నల్లమలకు రెండుసార్లు ప్రయాణమయ్యాము. ఒక పాత డిజిటల్ కెమెరా, రెండు సెల్‌ఫోన్లు, ఒక నల్ల గొడుగు, నాలుగు తెల్ల కాగితాలు, ఒక రూపాయి బిళ్ళ, ఇవే మా సామాను.

నల్లమల కొండలు ఉత్తరాన కృష్ణానది మొదలుకొని దక్షిణాన పెన్నానది వైపుకు సాగి ఉన్నాయి. ఈ అడవిలో చాలాభాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలోనిది. 1983లో దీనిని పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. ఆత్మకూరు నుండి దోర్నాలకు పోయే రోడ్డు ఈ అడవి గుండానే వెళుతుంది. ఆత్మకూరు దాటి బైర్లూటి చేరేసరికి చేలు వెనుకబడి, రోడ్డుకు రెండు ప్రక్కలా చెట్లు దగ్గరకు వస్తాయి. ఇక్కడ చెంచుల గూడెం ఉంది. అభయారణ్యంలో పువ్వు కోయడం, మొక్క పెరకడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరము. మేము అటవీశాఖవారిని అడిగి, వారు చూపిన మేరలోనే, రోడ్డు అంచునా గూడెం చుట్టుప్రక్కలా తిరిగాము. ఫోటోలో ఉన్న గొప్ప మేలు ఇదే. పువ్వు కొమ్మన ఉండగానే మన ఇంటికి వస్తుంది.

మా మొదటి ప్రయాణం వర్షాకాలంలో జరిగింది. రాత్రి వాన కురిసి తెల్లవారి ఆగింది. ఆకులమీద నీళ్ళు, నేలమీద బురద, ఆకాశమంతా మబ్బు. ఇలాంటి రోజు ఫోటోలకు పనికిరాదని చాలామంది అనుకుంటారు. నిజానికి పువ్వులకు ఇంతకంటే మంచి వెలుతురు లేదు. మబ్బు పరచిన వెలుతురు పువ్వు నలుప్రక్కలా సమానంగా పడుతుంది. నడినెత్తి ఎండలో రేకులు ఒకచోట తెల్లగా మెరుస్తాయి, మరొకచోట చీకటిగా పడిపోతాయి. ఎండ వచ్చినప్పుడల్లా మేము గొడుగు పట్టి నీడ చేసుకున్నాము. నల్ల గొడుగే తీసుకొని వెళ్ళడానికి కారణమున్నది. రంగుల గొడుగైతే దాని రంగు వచ్చి పువ్వుమీద పడుతుంది.

తంగేడు దారి పొడుగునా పూచి ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీనిని రాష్ట్రపుష్పంగా ప్రకటించింది. బతుకమ్మను పేర్చేటప్పుడు గునుగుతోబాటు దీనినే పెడతారు. పూర్వం తోళ్ళు పదును చేయడానికి తంగేడు చెక్క వాడేవారు. ఈ పసుపు పువ్వును ఫోటో తీయడం తేలికని మా యౌవనస్థులు అనుకున్నారు. అయితే తీసిన ప్రతి ఫోటోలోను రేకులు ఒకే పసుపు ముద్దలాగా వచ్చాయి. రేకుల మీది ఈనెలు, ముడతలు కనబడలేదు.

ఇందుకు కారణం చెప్పవలసి ఉన్నది. డిజిటల్ ఫోటోలోని ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుతుర్ల కొలతలుంటాయి. మామూలు ఫోటోలో ఒక్కొక్కదానికి సున్న నుండి 255 వరకు కొలత ఉంటుంది. 255 చేరిన తరువాత పాత్ర నిండినట్టే. పైన ఎంత పోసినా పొర్లిపోతుందే గాని నిలువదు. పసుపు రంగు అనగా ఎరుపు, ఆకుపచ్చ రెండూ నిండుగా ఉండడం. చుట్టూ ముదురు ఆకులుంటే కెమెరా దృశ్యమంతా చీకటిగా ఉన్నదనుకొని వెలుతురు పెంచుతుంది. అప్పుడు పువ్వు పాత్ర పొర్లుతుంది. అలా పోయిన ఈనెలను తరువాత ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు. కాబట్టి తీసేటప్పుడే వెలుతురు ఒక మెట్టు తగ్గించాలి. సెల్‌ఫోనులోనైతే తెరమీద పువ్వును వ్రేలితో తాకి, ప్రక్కన వచ్చే సూర్యుని గుర్తును క్రిందికి లాగితే చాలు. ఫోటో కొంచెం చీకటిగా వచ్చినా చింతలేదు. చీకటిలో దాగిన వివరాన్ని పైకి తేవచ్చును గాని, పొర్లిపోయినదాన్ని తేలేము.

మరి కొంత దూరంలో, ఒక కంప మీదికి ప్రాకి, నాభి తీగ పూచి ఉన్నది. దీనినే అడవినాభి అంటారు. తమిళనాడుకు ఇది రాష్ట్రపుష్పం. ఆకు కొన సన్నని తీగలాగా చుట్టుకొని దొరికినదానిని పట్టుకొంటుంది. ఆరు రేకులు అలలు అలలుగా వెనుకకు వంగి, మంటలాగా పైకి లేస్తాయి. పువ్వు విప్పినప్పుడు పచ్చగా ఉంటుంది. తరువాత మొదలు పసుపు, కొన ఎరుపు అవుతుంది. చివరికి అంతా ఎర్రబడి వాడిపోతుంది. ఒకే తీగమీద ఈ దశలన్నీ మాకు కనబడ్డాయి. ఇది చూపులకెంత అందమో లోపల అంత విషము. దీని దుంపలోను విత్తులలోను కొల్చిసిన్ అనే పదార్థమున్నది. వైద్యులు గౌటు అనే కీళ్ళ వ్యాధికి దానిని మందుగా కొలిచి ఇస్తారు. కాని దుంపను తింటే ప్రాణం పోతుంది. చిలగడదుంప అని పొరబడి తిని చనిపోయినవారు శ్రీలంకలో ఉన్నారు.

ఇంటికి వచ్చిన తరువాత మా యౌవనస్థులలో ఒకడు నాభి ఫోటోను కంప్యూటరులో పెట్టి రంగులు దిద్దాడు. రంగు పెంచే మీటను చివరిదాకా జరిపాడు, ఎరుపును మరికొంత కలిపాడు. ఫోటో నిప్పులాగా తయారైంది. చూచినవారందరూ మెచ్చుకున్నారు. మరొక వారం బైర్లూటికి వెళ్ళినప్పుడు ఆ ఫోటోను గూడెంలోని ఒక వృద్ధునికి చూపించాము. ఆయన చాలాసేపు చూచి, "ఇది రేపో ఎల్లుండో రాలిపోయే పువ్వు గదా అయ్యా. దీన్నెందుకు తీశారు?" అని అడిగాడు.

"లేదు తాతా, ఆ ఉదయమే విప్పిన పువ్వు" అని మావాడు అన్నాడు.

"అట్లయితే అడుగున పసుపు ఏది?" అన్నాడాయన.

మావాడు మారుమాట లేకుండా దిద్దని మొదటి ఫోటోను సెల్‌ఫోనులో తెరిచి ఆయన చేతికిచ్చాడు. తాత ముఖం వికసించింది. "ఆఁ, ఇదీ నాభి. పిల్లోళ్ళను దీని దుంప జోలికి పోవద్దని చెప్పండి" అన్నాడు.

ప్రియ చదువరులారా, ఆ వృద్ధుడు చదువుకొన్నవాడు కాడు. అయినా పువ్వు వయస్సును రంగునుబట్టి చదివాడు. పువ్వు రంగు అలంకారం మాత్రమే కాదు, అది ఒక సమాచారం. దానిని మార్చితే పువ్వు చెప్పే మాట మారిపోతుంది. విషపు మొక్కను గుర్తుపట్టడానికి పిల్లలకు చూపించే పటంలో ఇది చిన్న సంగతి కాదు. మన పెద్దలకు ఇంతగా తెలిసిన ఈ చదువు వారితోనే వెళ్ళిపోతున్నది. దానిని పటంగా నిలుపదలచినవారు వారు గుర్తుపట్టేటట్టు నిలుపవలెను.

అలాగని ఫోటోను అసలు దిద్దకూడదని కాదు. కెమెరా కూడా ఎల్లప్పుడూ సత్యం చెప్పదు. పచ్చని చెట్ల క్రింద తీస్తే అన్నిటిమీదా ఆకుపచ్చ ఛాయ పడుతుంది. సాయంకాలం తీస్తే పసుపు ఛాయ వస్తుంది. కొన్ని సెల్‌ఫోన్లు మనమడుగకుండానే రంగులు పెంచుతాయి. నేలనంటి నీలంగా పూచే చిన్న విష్ణుక్రాంతం మా కెమెరాలో ఊదా రంగులో వచ్చింది. వీటిని సరిచేయడానికే దిద్దుబాటు ఉన్నది. కంటికి కనబడినదాని దగ్గరకు ఫోటోను తీసుకొని రావడం దిద్దుబాటు. కనబడనిదానిని కల్పించడం వేషం వేయడం.

మేము పాటించిన పద్ధతి ఇది. పువ్వు ప్రక్కన తెల్ల కాగితం పెట్టి మొదట ఒక ఫోటో తీస్తాము. కాగితం తీసివేసి అదే వెలుతురులో మిగతావి తీస్తాము. కంప్యూటరులో తెలుపును సరిచేసే గుర్తుతో ఆ కాగితాన్ని తాకితే, దానిమీది ఛాయ తొలగి తెల్లగా వస్తుంది. అదే కొలతను మిగతా ఫోటోలకు పెడితే పువ్వు తన రంగులోకి వస్తుంది. నీలిమందు పెట్టిన చేతిరుమాలు ఇందుకు పనికిరాదు. రూపాయి బిళ్ళను ప్రక్కన పెట్టి తీసిన ఒక ఫోటో పువ్వు పరిమాణం తెలుపుతుంది. అక్కడికక్కడే పువ్వు రంగును మాటల్లో నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. పది రోజుల తరువాత మన జ్ఞాపకం కూడా రంగులు పెంచుతుంది.

దిద్దడానికి ఖరీదైనవి అవసరం లేదు. కంప్యూటరులో గింప్, సెల్‌ఫోనులో స్నాప్‌సీడ్ ఉచితంగానే దొరుకుతాయి. మొదటి ఫోటోను అలాగే ఉంచి నకలు మీదనే పనిచేయాలి. మామూలు జేపెగ్ ఫోటోను దిద్ది మళ్ళీ మళ్ళీ భద్రపరచినకొద్దీ వివరం కొంత కొంత పోతుంది. కెమెరాలో రా అనే పద్ధతి ఉంటే అందులో తీయడం మంచిది. అది కెమెరా కొలిచిన కొలతలన్నిటినీ అలాగే ఉంచుతుంది. ప్రక్కనున్న చెత్తను కత్తిరించవచ్చు, చీకటిని కొంచెం పైకి తేవచ్చు. రంగు పెంచే మీటను మాత్రం అరచేత్తో కాక వ్రేలికొనతో ముట్టుకోవాలి.

మా రెండవ ప్రయాణం మార్చి మొదట్లో. అదే రోడ్డు, మరొక లోకం. ఆకులు రాలి కొండలు బూడిద రంగుకు తిరిగాయి. ఆ బూడిద నడుమ మోదుగలు నిప్పు ముట్టించినట్టు పూచి ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా మోదుగకు మూడే ఆకులంటారు గాని, ఆ వేళకు ఆ మూడూ లేవు, అంతా పువ్వే. తేనెపిట్టలు, గోరింకలు కొమ్మ కొమ్మకూ తిరుగుతున్నాయి. మోదుగాకుతో మన పెద్దలు విస్తర్లు కుట్టేవారు. పువ్వులను ఉడికించి బట్టలకు రంగు వేసేవారు. ఈ కాషాయపు ఎరుపు కెమెరాకు గొప్ప పరీక్ష. ఎరుపు పాత్ర అందరికంటే ముందు పొర్లుతుంది. వెలుతురు తగ్గించి తీసినప్పుడే రేకు మీది సన్నని నూగు కనబడింది.

కొండవాలున కొండగోగు మోడు కొమ్మలమీద అరచేయంత పసుపు పువ్వులతో నిలిచి ఉన్నది. దీని బంకను గిరిజనులు సేకరిస్తారు. ఈ చెట్టుకు నియమం తలక్రిందులైంది. వెనుక ఆకాశం వెలుగుతూ ఉండడంవలన పువ్వు నల్లగా వచ్చింది. ఇక్కడ వెలుతురు తగ్గించక పెంచవలసి వచ్చింది. వెనుక చీకటియైతే తగ్గించు, వెనుక ఆకాశమైతే పెంచు అని మా పిల్లలు బట్టీ పట్టారు.

దారిలో రంగురంగుల గుత్తులతో మరొక పొద ఎక్కడ చూచినా ఉన్నది. అది లాంటానా. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుండి అలంకారానికై తెచ్చిన మొక్క, ఇప్పుడు మన అడవులను ఆక్రమించి అడవి జంతువుల మేతను అణగద్రొక్కుతున్నది. ఫోటోకు ఎంత అందంగా ఉన్నా దానిని మా పన్నెండింటిలో చేర్చలేదు. అడవిలో ఉన్నదంతా అడవిది కాదని పిల్లలు తెలుసుకోవాలి.

చివరి కష్టం అచ్చు దగ్గర వచ్చింది. కంప్యూటరు తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది. అచ్చు యంత్రం నాలుగు సిరాలతో చూపిస్తుంది. మోదుగ ఎరుపువంటి తీక్ష్ణమైన రంగు సిరాకు పూర్తిగా అందదు. కాబట్టి ముందుగా ఒక ప్రతి మాత్రమే తీయించి, నోటుపుస్తకంలోని మాటలతో సరిచూచి, తరువాతనే మిగతావి వేయించాము. నాభి పటంలో అడుగున పసుపు స్పష్టంగా ఉన్నది. దాని క్రింద పెద్ద అక్షరాలతో "దుంప విషము" అని వ్రాయించాము.

మీ ఊరికి నల్లమల దూరమైనా పొలం గట్టు దూరం కాదు. ఈ నెలలో అక్కడ ఏమి పూచిందో చూడండి. పిల్లలను వెంట తీసుకొని వెళ్ళండి. కోయకుండా ఒక ఫోటో తీయండి. ఇంట్లో అమ్మమ్మకో, తాతయ్యకో చూపించి, "దీని పేరేమిటి?" అని అడగండి. వారు చెప్పిన పేరును క్రింద వ్రాయండి. వారు చూడగానే గుర్తుపట్టితే మీ ఫోటో బాగున్నట్టే.