చెరకు బండ్ల దారిలో

నిజామాబాద్ నుండి బోధన్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరం. సారంగాపూర్, జానకంపేట, ఎడపల్లి దాటి ముందుకు సాగితే శక్కర్‌నగర్ వస్తుంది. వానాకాలపు వరికోతలు సాగుతున్న రోజుల్లో, బోధన్‌లోని బంధువుల ఇంటికి వెళ్తూ మేము ఈ దారిన ప్రయాణించాము. ఒకప్పుడు ఇదే దారిన చెరకు బండి తోలిన మా చాచా కూడా మాతో ఉన్నారు.

ఈ దారి కథ నీటితో మొదలవుతుంది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీరా నదిపై 1923లో ఆరంభమైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. కాలువ నీరు పారిన నేలలో చెరకు పెరిగింది. ఆ చెరకును నమ్ముకొని 1937లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఒకనాడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొందింది. జానకంపేట వద్ద చీలిన రైలు మార్గం బోధన్ చేరింది. ఉర్దూలో శక్కర్ అంటే చక్కెర. కార్మికుల నివాసాలతో వెలసిన ఊరికి ఆ పేరే స్థిరపడింది.

"ఈ నెలల్లో ఫ్యాక్టరీ గేటు దాకా బండ్ల వరుస ఉండేది బేటా. మన వంతు వచ్చేసరికి ఒక్కోసారి తెల్లవారేది. బండి పక్కనే చలిమంట, అక్కడే రొట్టె, అక్కడే నమాజు" అన్నారు చాచా.

2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించడంతో కర్మాగారం ఆగిపోయింది. మేము గేటు ఎదుట కాసేపు నిలిచాము. చాచా లోపలికి తేరిపార చూసి, ఏమీ మాట్లాడకుండా వచ్చి కారులో కూర్చున్నారు.

దారి మాత్రం ఎదిగింది. నేడది 63వ జాతీయ రహదారిలో భాగం. పల్లెలోని రోగి నిజామాబాద్ ఆసుపత్రికి చేరేది దీని మీదుగానే. ఆడపిల్లలు కళాశాలకు వెళ్లి పొద్దు గూకకముందే ఇల్లు చేరేదీ, పని దొరకని యువకులు గల్ఫ్‌కు బయలుదేరేదీ దీని మీదుగానే.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. ఎడపల్లి దాటాక రోడ్డు అంచున వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. కల్లం లేని రైతుకు తారురోడ్డే కల్లం. అతణ్ణి నిందించడం న్యాయం కాదు. అయితే కొంత దూరంలో వడ్లు ఎత్తుకుపోయిన చోట రాళ్లు అలాగే మిగిలిపోయాయి. బండ్ల కాలంలో ఎద్దు చూసి తప్పుకునేది. ఈనాటి వేగానికి ఒక్క రాయి చాలు, మోటారు సైకిల్‌పై వచ్చే ఇంటి పెద్ద ప్రాణం పోవడానికి.

చాచా కారు ఆపించారు. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఎన్నోసార్లు విన్న మాటే. డెబ్బై దాటిన ఆయన వంగి మొదటి రాయి ఎత్తే వరకు మాలో ఎవరికీ గుర్తు రాలేదు. పిల్లలు కూడా దిగారు. సెల్‌ఫోన్ వెలుగులో అన్నీ ఏరి పొలం గట్టున పెట్టాము.

నిజామాబాద్ చేరేసరికి ఇషా అజాన్ వినిపిస్తోంది.