గుట్ట కింది ఊళ్లు

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే గుట్టల నెత్తిన ఉంటాయి. మా అక్క బిడ్డ అక్కడ కారు అద్దెకు తీసుకుని సియానా, శాన్ జిమిన్యానో, మోంటెపుల్చానో తిరిగొచ్చింది. వచ్చినప్పటి నుంచి ఒకటే మాట: "మామా, ఇందూరు చుట్టూ ఇన్ని గుట్టలున్నయి. ఒక్కదాని మీద గూడ ఊరెందుకు లేదు?" బోధన్‌లో పుట్టి, ఇందూరులో, అంటే నిజామాబాద్‌లో ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. ఎండలు ముదరకముందే చూసొద్దామని ఫిబ్రవరిలో బయల్దేరాం. స్టీరింగ్ ఆమెది, దారి చెప్పడం నాది.

మొదట డిచ్‌పల్లి. హైవే మీద పోయేవాళ్లకు ఆ పేరు చెబితే యూనివర్సిటీ గుర్తొస్తుంది. పాతవాళ్లకైతే 1915లో స్కాట్లాండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్ మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రి. మేం వెళ్లింది ఖిల్లా డిచ్‌పల్లి గుట్టకు. మెట్లెక్కితే రామాలయం, గోడల నిండా శిల్పాలు. దీన్ని ఇందూరు ఖజురహో అంటుంటారు. నాకా పేరు నచ్చదు. ఇంత పనితనం ఉన్న గుడికి ఇంకో ఊరి పేరు అరువు తేవాలా? పైనుంచి చూస్తే కోనేరు, దాని నడుమ చిన్న మండపం, అవతల ఇళ్ల కప్పులు.

"దేవుడు పైన, మనుషులు కింద" అంది మా పిల్ల. "అక్కడ మనుషులే పైన. ఊరి నడుమ చౌకులో పాత నీటితొట్టి ఉంటది. చౌకు పేరు గూడ దాని పేరే."

అది శాన్ జిమిన్యానో సంగతి. శత్రువుల భయానికి, పల్లపు నేలల్లో మలేరియా భయానికి అక్కడి జనం పైకెక్కారట. పైన వాన నీళ్లు పట్టుకుని బతికారు.

హైవే ఎక్కి ఉత్తరానికి తిరిగితే ఆర్మూరు. దారి పొడుగూతా ఎర్రజొన్న చేలు కంకులు వేసి నిలబడ్డాయి. పసుపు తవ్వకాలు సాగుతున్నాయి. ఒక కల్లం దగ్గర కొమ్ములు ఉడకబెడుతుంటే ఆ ఆవిరి కారు అద్దాలు మూసినా లోపలికొచ్చింది. కారు ఆపి రైతుతో మాట కలిపాం. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు వచ్చింది కదా అంటే, "వచ్చింది. ధర గూడ రానీయ్" అని మళ్లీ పారతో కొమ్ములు నెరపసాగాడు.

ఆర్మూరు నవనాథ సిద్ధులగుట్ట దూరానికే నల్లగా కనిపిస్తుంది. ఎవరో ఒక్కో బండా ఏరి పేర్చినట్టు రాళ్ల మీద రాళ్లు. ఘాట్ రోడ్డు ఉంది, మా పిల్ల రెండో గేరులో హాయిగా ఎక్కించింది. శివుణ్ణి చూడాలంటే గుహలోకి నడుం వంచి దూరాలి. పైన నీళ్లు కూడా ఉన్నాయి. కానీ అవి నలుగురు సిద్ధులకు చాలే నీళ్లు, నాలుగు వందల గడపలకు చాలవు. ఆమె ప్రశ్నకు సగం జవాబు నాకు అక్కడే దొరికింది. మన గుట్టలు గట్టి బండలు. బావి తవ్వలేం. పడ్డ వాన పడ్డట్టే జారి కిందికి పోతుంది. అక్కడ కట్ట వేస్తే చెరువు, చెరువు కింద పొలం, పొలం పక్కన ఊరు. గుట్టను దేవుడికి వదిలేశారంటే అందులో భక్తి ఎంతో, లెక్క కూడా అంతే.

అంకాపూర్‌లో ఆగకపోతే ఈ దారిలో వచ్చినట్టు కాదు. దేశీ కోడి అక్కడ ప్లేటు చొప్పున కాదు, కోడి చొప్పున చెప్పాలి. ముందే ఫోన్ చేసి ఉంచాను. తిన్నాక ఇద్దరం కాసేపు ఇటలీ ఊసెత్తలేదు.

మర్నాడు బోధన్ వైపు. ఎడపల్లి దగ్గర అలీసాగర్ ఆనకట్ట, తోట, గుట్ట మీద నిజాం కాలపు అతిథి గృహం. "ఇదొక్కటి ఇటలీ లెక్కుంది" అంది. నిజమే, పైన కూర్చున్నవాళ్లకు కింది నుంచి నీళ్లు మోసేవాళ్లుంటే గుట్ట మీద కూడా కాపురం చేయొచ్చు.

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో చెరుకు పెరిగింది, చెరుకు కోసం 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ లేచింది. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్లం. నా చిన్నప్పుడు బళ్ల వెనక పరుగెత్తి చెరుకు గడలు లాగడమే మా ఆట. బోధన్‌కు ఇంకా పెద్ద చరిత్ర ఉంది. అశ్మక జనపదానికి రాజధాని పోదనం ఇదేనంటారు. బాహుబలి ఏలిన పౌదనపురం కూడా ఇదేనని ఒక నమ్మకం. కానీ నా తరానికి బోధన్ అంటే చక్కెరే.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు చేలు చాలావరకు వరి మడులయ్యాయి. గేటు ఎదుట హోటల్లో చాయ్ తాగుతుంటే మాజీ కార్మికుడొకాయన పక్కన కూర్చున్నాడు. "సీజన్ల బండ్ల లైను ఊరు దాటి ఉంటుండె సార్. రైతులు బండి మీదనే పండుకుంటుండిరి. రాత్రి కూడ బజారు బందు కాకుండె." మళ్లీ తెరుస్తారా అని నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

కారెక్కాక మా పిల్ల శాన్ జిమిన్యానో కథ మిగతాది చెప్పింది. 1348 ప్లేగు తర్వాత ఆ ఊరు చితికిపోయిందట. కొత్తగా కట్టే స్తోమత లేక పాతవి కూల్చలేదు. ఆ పేదరికం వల్లే 14 బురుజులు మిగిలి ఇప్పుడు టూరిస్టులను రప్పిస్తున్నాయి. శక్కర్‌నగర్ బంగళాలకు అలాంటి అదృష్టం పడుతుందని నేననుకోను. మన దగ్గర తుక్కుకు మంచి ధర పలుకుతుంది.

వర్ని దారిలో కాలువ వెంట ఊళ్ల పేర్లకు వెనక క్యాంపు అని ఉంటుంది. నిజాంసాగర్ నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్లవి. బండి ఆపి దారి అడిగితే "తిన్నగా ఎల్లిపోండి బాబూ" అన్నాడొకాయన. ఆయన యాస విని మా పిల్ల నా వైపు తిరిగి నవ్వింది.

చివరికి బడాపహాడ్. గుట్ట మీద సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా. హిందువులూ ముస్లింలూ కలిసే మెట్లెక్కుతారు. మేం దిగొచ్చేసరికి చెట్ల కింద ఒక కుటుంబం కందూరు చేస్తోంది, మటన్ అప్పుడే పొయ్యి దించారు. వద్దన్నా వినకుండా విస్తళ్లు వేశారు.

"ఏ ఊరు బిడ్డా?" అంది వడ్డిస్తున్న పెద్దమ్మ.

"మొన్ననే ఇటలీ పోయొచ్చింది" అన్నాను, అడగకపోయినా.

"గందుకే ఎండిపోయింది. అక్కడ ఏం పెడ్తరో ఏమో" అని ఆమె మా పిల్ల విస్తట్లో ఇంకో గరిటె వేసింది.