పేరు తెలియని పేరంటాలు

మా ఇంట్లో పుస్తకాల అలమరా రెండో అరలో పుస్తకాలు లేవు. ఒక వెదురుపెట్టె, కుంకుమ భరిణె, దువ్వెన, చేతిలో పట్టేంత అద్దం, ఒక డజను గాజులు ఉన్నాయి. కింద పీట మీద ఇత్తడి దీపం. ఇంటికొచ్చిన స్నేహితురాళ్ళు “ఇదేం సామి? పటం ఎక్కడ?” అని అడుగుతారు. పటం లేదు, బొమ్మా లేదు. అక్కడ ఉండేది మా ఇంటి పేరంటాలు. ఆ అర సర్దింది నేను. మేడం గోడపత్రికకు ఏదైనా సొంత అనుభవం రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. నేను బడిలో తమిళమే చదివాను, తెలుగు అక్షరాలు కాలేజీకి వచ్చాకే నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

పేరంటాలు అంటే పసుపు కుంకాలకు పిలిచే ముత్తయిదువ అని మనకందరికీ తెలుసు. భర్త ఉండగానే పోయి, ఆ ఇంటికే దేవత అయిన ఆడమనిషిని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. ఆంధ్రలో పెనుగంచిప్రోలులో మునేటి ఒడ్డున గుడి ఉన్న తిరుపతమ్మను కూడా పేరంటాలు అనే అంటారని క్లాసులో మేడం చెప్పారు. ఆమె ఊరందరికీ దేవత, పెద్ద తిరునాళ్ళు జరుగుతుంది. మా పేరంటాలుకు గుడి లేదు. ఒక పెట్టె మాత్రమే ఉంది.

మా నాయన వాళ్ళది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. ఆ చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళలో ఇళ్ళల్లో తెలుగే. అమ్మది తమిళ ఇల్లు. నేను నాయనతో తెలుగు, అమ్మతో తమిళం మాట్లాడతాను. కోపం వస్తే రెండూ.

పల్లెలో అవ్వ ఇంట్లో నడిమింటి గోడకు దీపం పెట్టే గూడు ఉండేది. పొగకు నల్లబారిన గూడు. దాని పక్కనే కొక్కేనికి వెదురుపెట్టె వేలాడేది. ఏడాదికి ఒక్కసారి, ఆడినెలలో ఒక శుక్రవారం, అవ్వ ఆ పెట్టె దించేది. తమిళ ఆడి సుమారు జూలై 17న మొదలవుతుంది. మన తెలుగు నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఆ శుక్రవారం ఒక ఏడు ఆషాఢంలో, ఒక ఏడు శ్రావణంలో పడుతుంది. అవ్వకు ఆ లెక్కలేవీ పట్టవు. “ఆడి మూడో శుక్రవారం” అంటే అంతే.

పెట్టెలో కొత్త చీర పెట్టేది. పోయిన ఏడు పెట్టిన చీర తీసి తాను కట్టుకునేది. అరిటాకు వేసి పొంగలి, మునగాకు కూర, ఉప్పులో ఊరేసిన మామిడి ముక్క వడ్డించేది. తర్వాత అందరం వాకిట్లోకి వచ్చి తలుపు మూసేవాళ్ళం, లోపల ఆమె తినాలని. మామిడి ముక్క ఎందుకవ్వా అని ఒకసారి అడిగాను. “చూలాలికి పులుపంటే ఆశ కదే” అనింది.

ఆమె ఎవరో అప్పుడే తెలిసింది. మా ముత్తాతకు మొదటి భార్య. పద్ధెనిమిదో పంతొమ్మిదో ఏట, తొలి కాన్పులో, బిడ్డతో పాటే పోయింది. దాదాపు తొంభై ఏళ్ళయి ఉంటుంది. ఏడాది తిరగకముందే ముత్తాతకు మళ్ళీ పెళ్ళి చేసినారు. రెండో ఆమెకు కలలో ఎవరో ఆడమనిషి కనబడి చీర అడిగిందంట. ఆమె భయపడి ఆ పెట్టె మొదలుపెట్టింది. ఆ రెండో ఆమె కొడుకే మా తాత. ఆమె తన కోడలికి, అంటే మా అవ్వకు, పెట్టె అప్పగించింది. అవ్వ తన కోడలికి, అంటే మా అమ్మకు, అప్పగించాలి.

అప్పగించలేదు. అమ్మను అవ్వ బాగానే చూసేది, కానీ పెట్టె ముట్టుకోనిచ్చేది కాదు. “ఆమెకు తెలుగు తప్ప ఇంకొకటి తెలీదు. ఈ పిల్ల ఏం చెప్తే ఆమెకేం అర్థమవుతాది?” అనేది. అమ్మ నవ్వేసి అవతలికి పోయేది. ఆ నవ్వు నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు.

అవ్వ పోయి రెండేళ్ళు కావస్తోంది. పల్లెలో ఇల్లు అమ్మేసినారు. గిన్నెలు, బిందెలు పంచుకున్నారు. పెట్టె మాత్రం ఎవరూ అడగలేదు. పెదనాయన తామ్రపర్ణిలో కలిపేద్దామన్నాడు. నాయనకు మనసొప్పలేదు, చెన్నైకి తెచ్చి అటక మీద పెట్టాడు, మిక్సీ వచ్చిన అట్టపెట్టె పక్కన. మొదటి ఆడికి ఏటిమైల అని ఎవరూ మాట ఎత్తలేదు. రెండో ఆడి వచ్చింది. మొదటి శుక్రవారం పోయింది, రెండోదీ పోయింది. ఆ రాత్రి నేను నాయనను అడిగాను.

“ఇది కోడళ్ళు చేసేది పాపా. నువ్వు రేపు ఇంకో ఇంటికి పోయేదానివి. మొదలుపెట్టి నడిమధ్యలో నిలిపేస్తే దోషం. మొదలుపెట్టకుండా ఉండేదే మేలు.”

“అటక మీద పెట్టేది దోషం కాదా నాయనా?”

నాయన జవాబు చెప్పలేదు. వద్దు అని కూడా అనలేదు.

నిజం చెప్పాలంటే నాకు అంత భక్తి లేదు. దేవత వచ్చి మామిడి ముక్క తింటుందని నేను నమ్మను. కానీ ఆమె పోయిన వయసు నా వయసు. ఆమె బతికి ఉంటే రెండో పెళ్ళి లేదు, తాత లేడు, నాయన లేడు, నేను లేను. అలాంటి మనిషిని మిక్సీ డబ్బా పక్కన పెట్టడం నాకు నచ్చలేదు.

గురువారం సాయంత్రం స్టూలు ఎక్కి పెట్టె దించాను. అమ్మ వంటగదిలోంచి చూసి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. “పూవాడైక్కారి పెట్టెను ఇట్లా దుమ్ముతోనా దించేది? ముందు స్నానం చేసి రా” అంది తమిళంలో.

పూవాడైక్కారి అంటే పూలబట్ట కట్టినామె. అమ్మ పుట్టింట్లో కూడా సరిగ్గా ఇలాంటి ఆమె ఉందంట. ఇదే చీర, ఇదే పెట్టె, ఇదే తలుపు మూయడం. ఇరవై ఏళ్ళు కాపురం చేసి అమ్మ ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. “ఎవరు అడిగినారు?” అంది.

అప్పటినుంచి ఇద్దరం కలిసి సర్దాము. హాల్లో గోడకు గూడు లేదు, అద్దె ఇంట్లో మేకు కొట్టడానికే ఇంటి ఓనర్ ఒప్పుకోడు. అలమరా రెండో అరలోంచి నా ప్లస్ టూ గైడ్లు, పాత క్వశ్చన్ పేపర్లు తీసేశాను. కాలు తగలని ఎత్తు, తూర్పు వైపు ముఖం, అంతవరకు సరిపోయింది. తడిబట్టతో తుడిచి పసుపునీళ్ళు చల్లాను. దీపం అరలో పెట్టబోతే అమ్మ ఆపింది. పైన చెక్క ఉంది, మంట తగులుతుందని దీపాన్ని కింద పీట మీదికి మార్చింది. పీట కింద బియ్యప్పిండితో ముగ్గు అమ్మ వేసింది. చెంబుకు పసుపుదారం నేను చుట్టాను. మామిడాకులు పెట్టి పైన కొబ్బరికాయ నిలబెట్టాము. అది మూడుసార్లు పక్కకు ఒరిగింది. చెంబులో గుప్పెడు బియ్యం వేస్తే నిలుస్తుందని అమ్మకు తెలుసు.

పెట్టె తెరిస్తే ఎండిన వేపాకు వాసన వచ్చింది. పైన అవ్వ ఆఖరిసారి పెట్టిన చీర, ఇటుకరంగు మీద తెల్ల చుక్కల సుంగుడి. దాని కింద దువ్వెన, అద్దం. ఒక ఆడపిల్ల తల దువ్వుకోవడానికి కావాల్సినవి అంతే. ఇన్నేళ్ళు వాటిని పూజ సామాన్లు అనుకున్నాను. అద్దం తుడిచి అరలో ఆనించి పెడితే నా ముఖం కనబడింది. “ఇంక పొద్దున్నే కాలేజీకి జడ ఇక్కడే వేసుకుంటావు” అని అమ్మ ఎగతాళి చేసింది.

కొత్త చీర నేనే కొన్నాను, ట్యూషన్ చెప్పిన డబ్బుతో. నాలుగు వందల యాభై. ఊరేసిన మామిడి దొరకలేదు, అంగడి సీసాలోని ఆవకాయ ముక్క కడిగి పెట్టాను.

శుక్రవారం సాయంత్రం దీపం వెలిగించి కూర్చున్నాక అసలు కష్టం వచ్చింది. మాట్లాడాలి. అవ్వ శ్లోకాలు చదివేది కాదు, పక్కింటామెతో మాట్లాడినట్టు మాట్లాడేది. “అమ్మా వచ్చినావా, కూర్చో. ఇల్లు నీది, పిల్లోళ్ళు నీ పిల్లోళ్ళు.” అంతవరకు గుర్తుంది. ఆ తర్వాత ఇంకా చాలా చెప్పేది, వానల సంగతి, అప్పుల సంగతి, ఎవరికి పెళ్ళి కుదిరింది అన్నీ. నాకు అక్కడ తెలుగు ఆగిపోయింది. క్లాసులో రాసే తెలుగు నోటికి వచ్చింది గాని అది ఆమెతో మాట్లాడే తెలుగు కాదు. ఏం చెప్పాలో తెలియక కూర్చుంటే వెనక నుంచి అమ్మ తమిళంలో మొదలుపెట్టింది. అత్తయ్య పోయిన సంగతి చెప్పింది. ఇల్లు అమ్మిన సంగతి చెప్పింది. ఇది రెండో అంతస్తు, నీకు మెట్లెక్కడం కష్టమే, కోపం పెట్టుకోవద్దు అని చెప్పింది. ఆమెకు అర్థమయిందో లేదో నాకు తెలియదు. నాకు అర్థమయింది.

ఆకు వడ్డించి బయటికి వచ్చి తలుపు మూశాము. పల్లెలో వాకిలి, ఇక్కడ మెట్ల దగ్గర మూడడుగుల జాగా. ఎదురింటి ఆంటీ తలుపు తీసి “తాళంచెవి పోయిందా?” అని అడిగింది. లేదు ఆంటీ అన్నాను. మరి ఎందుకు బయట నిలబడ్డారు అంటే ఏం చెప్పాలి? “ఇంటికి చుట్టం వచ్చింది, తింటోంది” అంది అమ్మ. ఆంటీ ఇంకేమీ అడగలేదు.

అంతలో నాయన ఆఫీసునుంచి వచ్చాడు. మమ్మల్ని చూశాడు, మూసిన తలుపు చూశాడు. చెప్పులు విడిచి మా పక్కన నిలబడ్డాడు. కాసేపటికి, “ఎంతసేపయింది?” అన్నాడు.

“ఐదు నిమిషాలు.”

“చాలదు. మా అమ్మ తమలపాకు వేసుకుని నమిలి ఉమిసేదాకా ఆగేది.”

ఆగాము. తర్వాత నాయనే ముందుకు పోయి మూడుసార్లు చప్పట్లు కొట్టి తలుపు తీశాడు. అవ్వ అట్లాగే చేసేది, నేను మరిచిపోయాను. లోపలికి వచ్చి అలమరా ముందు నిలబడి చాలాసేపు చూశాడు. అవ్వ చీర ఇంకా పీట పక్కనే మడిచి ఉంది. దాన్ని ఎవరు కట్టుకోవాలో మా ముగ్గురికీ తెలుసు, ఎవరూ అనలేదు. చివరికి నాయన అమ్మవైపు చూసి, “కోడలు కట్టుకునేది అది” అన్నాడు. అమ్మ చీర తీసుకుని లోపలికి పోయింది. ఈసారి నవ్వలేదు.

మరుసటి రోజు పల్లెలో ఉండే మా పెద్దవ్వకు ఫోన్ చేశాను. తాతకు చెల్లెలు, ఇప్పుడు ఆ తరంలో మిగిలింది ఆమె ఒక్కతే. జరిగిందంతా చెప్పి, “ఆమె పేరేమవ్వా?” అన్నాను.

“పేరు పలకకూడదని చెప్పినారు పాపా. పలికితే వస్తుందని.”

“రమ్మనే కదవ్వా ప్రతి ఏడూ పిలిచేది?”

పెద్దవ్వ కొంచెంసేపు మాట్లాడలేదు. “నాకు తెలీదు పాపా. మా అమ్మకు కూడా తెలుసో లేదో. కొత్తకోడలు అనే అనేవాళ్ళంట.”

పెళ్ళయి ఏడాదో రెండేళ్ళో బతికింది. పోయి తొంభై ఏళ్ళయింది. ఇంకా కొత్తకోడలే. పేరంటాలు అనే మాటలో పేరు వినిపిస్తుంది గాని ఆమెకు మాత్రం పేరు మిగల్లేదు. మా పక్క ఇడైసెవల్‌లో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ గారి ‘గోపల్ల గ్రామం’ నవల 1976లో వచ్చింది. అందులో తెలుగు కుటుంబాలు దక్షిణానికి వలస రావడానికి కారణమైన పిల్ల చెన్నాదేవి. రాసినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ పేరు నాకు తెలిసింది. మా ఇంట్లో చీర మరిచిపోలేదు, మామిడి ముక్క మరిచిపోలేదు, పేరు మరిచిపోయాము. భయపడితే చీర పెడతాము. గుర్తుపెట్టుకోవాలంటే పేరు కావాలి.

అందుకే ఒక కాగితం మీద తెలుగులో రాసి పెట్టెలో పెట్టాను. ‘కొత్తకోడలు. ముత్తాత మొదటి భార్య. తొలి కాన్పులో పోయింది. పులుపు ఇష్టం.’ దాని కింద ముత్తవ్వ పేరు, అవ్వ పేరు, అమ్మ పేరు రాశాను. ఆఖర్న నా పేరు. నేను రేపు ఏ ఇంటికి పోయినా ఆ కాగితం ఈ పెట్టెలోనే ఉంటుంది.

ఇది చదివే మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పెట్టె ఒకటి ఉండొచ్చు. పెట్టె కాకపోతే పసుపు పూసిన గోడ, బావి పక్కన రాయి, పేరు లేని చీర. పొంగల్ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో అందరికన్నా పెద్దామెను ఆమె పేరేమని అడగండి. చెప్తే వెంటనే రాసుకోండి. నేను అవ్వ ఉండగా అడగలేదు.

— రెండవ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని