ముక్కు చెప్పిన ధర

హైదరాబాద్ గోల్నాకలోనో తార్నాకలోనో అద్దెకుండే మధ్యతరగతి మనిషి సొంతింటి లెక్క మొదలుపెడితే, చూపు మెల్లగా ఈసీఐఎల్ దాటి వెళ్తుంది. ఇక్కడ రెండు గదుల ఫ్లాటుకు కూడా చాలని డబ్బుకు నాగారం, దమ్మాయిగూడ దాటాక ఏకంగా స్థలమే వస్తుంది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు గుట్ట కనిపించేచోట మరీ చవక. నగరం చెత్తంతా చేరే ఆ 300 ఎకరాల పైచిలుకు స్థలంలోనే 2020 నుంచి చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు నడుస్తోంది. 19.8 మెగావాట్లతో మొదలై, తర్వాత ఇంకా పెరిగింది. ఆ చుట్టుపక్కల స్థలం కొనకూడదని నేను తేల్చుకున్నాను. చెత్తంటే ఏవగింపుతో కాదు, మూసీ పక్కన బతికే గోల్నాక వాళ్ళకు వాసన కొత్తేమీ కాదు. నా పేచీ ధరతో. అక్కడ గజం రేటును ముక్కు నిర్ణయిస్తోంది. ముక్కుకు తెలియనిదానికి ఆ రేటులో తగ్గింపే లేదు.

అక్కడ నిజానికి రెండు వేర్వేరు సమస్యలున్నాయి, కొనేవాళ్ళు రెంటినీ కలిపేస్తారు. మొదటిది పాత కుప్ప. ఏళ్ళ తరబడి పోగైన తడి చెత్త కుళ్ళి వాసనొస్తుంది. దాని నుంచి కారే నల్లటి ద్రవం, లీచేట్, మల్కారం చెరువును పాడుచేసింది. తార్నాక పక్కనే హబ్సిగూడలో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు జవహర్‌నగర్ చుట్టూ భూగర్భ జలాలను పరీక్షించి, యార్డు ప్రభావం నీళ్ళలో కనిపిస్తోందని పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఈ పాత గుట్టను మట్టి, ప్లాస్టిక్ పొరలతో కప్పాక వాసన కొంత తగ్గింది. వాసన తగ్గగానే రేటు లేచింది. రెండోది పొగగొట్టం. ప్లాస్టిక్ కలిసిన చెత్త సరిగా కాలకపోతే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అవి పుట్టకుండా ఉండాలంటే మంట బాగా వేడిగా ఉండాలి, కాల్చే చెత్త తగినంత వేడి ఇచ్చేదై ఉండాలి.  కూరగాయల తొక్కలూ కొబ్బరి బోండాలూ ఒకే సంచిలో వేసి స్వచ్ఛ ఆటోలో పడేసే మన అలవాటుతో ఆ వేడి ఎక్కడి నుంచి రావాలి? ధూళినీ కార్బన్ మోనాక్సైడునూ గొట్టానికి బిగించిన యంత్రాలు ఎప్పటికప్పుడు కొలుస్తాయి. డయాక్సిన్లకు అలా కుదరదు, గంటల తరబడి నమూనా పట్టి ల్యాబుకు పంపాలి. ప్లాంటు నియమం తప్పుతోందని నేననడం లేదు. తప్పినా తప్పకపోయినా స్థలం కొనేవాడికి తెలిసే దారి లేదంటున్నాను. తెలియని దానికి బజారు ధర కట్టదు.

తెలిసిన ఖర్చులకైనా తగ్గింపు సరిపోతుందా? ఉదాహరణకు 150 గజాల స్థలం గజానికి 4,000 తక్కువకు దొరికిందనుకుందాం. మిగిలింది 6 లక్షలు. దాన్ని 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 42,000, అంటే నెలకు 3,500. అక్కడ ఉండటం వల్ల పెరిగే ఖర్చు ఈ 3,500 దాటితే చవకదనం అయిపోయినట్టే. బోరు నీళ్ళు నమ్మలేక కొనే క్యాన్లు, ట్యాంకర్లు, కిటికీలు మూసుకుని నడిపే ఏసీ, పిల్లల దగ్గుకు డాక్టరు ఫీజు... నలుగురున్న ఇంట్లో ఆ గీత దాటడం పెద్ద కష్టం కాదు. పైగా డిపాజిట్ వడ్డీ ఉన్నచోటే ఉంటుంది, ఈ ఖర్చులు ఏటా పెరుగుతాయి. మరో చిక్కు కూడా ఉంది. జవహర్‌నగర్‌లో చాలా భాగం ప్రభుత్వ భూమి, నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇళ్ళు ఎన్నో. వాటికి బ్యాంకు అప్పివ్వదు. రేపు మీ దగ్గర కొనేవాడికీ ఇవ్వదు. ఆ చవకలో కొంత చెత్తది కానే కాదు, కాగితాలది.

అక్కడివాళ్ళే మాట్లాడరెందుకని అడగొచ్చు. మాట్లాడారు, ఏళ్ళ తరబడి ధర్నాలు చేశారు, జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) దాకా వెళ్ళారు. అయితే సొంతిల్లు ఉన్నవాడి గొంతులో ఒక ముడి ఉంటుంది: గట్టిగా అరిస్తే పడిపోయేది తన ఇంటి విలువే. అద్దెకున్నవాడు చెప్పే మాట, అమ్మకానికి పెట్టినవాడు చెప్పే మాట ఒకటి కావు. సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో డంపింగ్ యార్డు వద్దని 2025లో చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డెక్కాయి. అప్పటికి అక్కడ కుప్ప పడలేదు కాబట్టి అరిచినా విలువ పోదు, అరవకపోతేనే పోతుంది. రైతులకు ఆ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు.

కోపెన్‌హాగెన్‌లో చెత్త కాల్చే ప్లాంటు కప్పు మీదే జనం స్కీయింగ్ చేస్తున్నారు కదా అంటారు. నిజమే, 2019 నుంచి చేస్తున్నారు. అక్కడ ఇంట్లోనే చెత్తను వేరుచేస్తారు, పుట్టిన వేడి పైపుల్లో ఇళ్ళకు వెళ్తుంది. యంత్రం ఒకటే కావచ్చు, దాని నోట్లో పడేది ఒకటి కాదు. మన పోలిక ఢిల్లీ ఓఖ్లాలోని చెత్త కాల్చే ప్లాంటుతో ఉండాలి. దాని పక్కనున్న సుఖదేవ్ విహార్ వాసులు ఏళ్ళ తరబడి కొట్లాడితే, 2017లో ఎన్‌జీటీ కంపెనీని 25 లక్షలు కట్టమంది, ప్లాంటును మాత్రం నడవనిచ్చింది. ఒకప్పుడు ఈసీఐఎల్ కూడా అడవే, కొన్నవాళ్ళు బాగుపడలేదా అనేది ఇంకాస్త బలమైన వాదన. బాగుపడ్డారు. కానీ అడవి పోతుంది. 2020లో నిలబెట్టిన బాయిలరు మీ ఇరవయ్యేళ్ళ ఈఎంఐలో చాలా భాగం పక్కనే ఉంటుంది. ఇక, డబ్బు లేనివాడు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొనడం తప్పనిసరైతే ముందు ఆర్నెల్లు, అందులో ఒక వానాకాలం కలిసొచ్చేలా, అదే వీధిలో అద్దెకుండి చూడమంటాను.

ముక్కుకు తెలియనిదాన్ని మాత్రం అద్దెకుండీ కనిపెట్టలేరు. అడ్వాన్సు ఇచ్చేముందు కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి: ప్లాంటు పొగగొట్టంలో డయాక్సిన్ల పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు, ఫలితం ఎంత, ఆ స్థలానికి దగ్గర్లోని బోరు నీళ్ళ నివేదిక ఏది? దరఖాస్తు రుసుము 10 రూపాయలు.