బోర్డు కట్టని ఇల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. పెళ్ళిళ్ళు రెండు చేశాను. ఒకటి మా చెల్లెలిది, ఇంకొకటి మా అమ్మాయిది. ఇల్లు మాత్రం కట్టలేదు. బ్యాంకులో చేరిన నాటినుంచి ఎంతమంది ఇంటి అప్పుల కాగితాల మీద సంతకాలు పెట్టానో లెక్కలేదు గాని, నా కాపురం మాత్రం బదిలీల మధ్య అద్దె ఇళ్ళలోనే గడిచిపోయింది. రిటైర్మెంటు కనుచూపు మేరలోకి వచ్చేసరికి మా ఆవిడ ఒకరోజు చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, "ఊళ్ళో అందరికీ ఇళ్ళిప్పించారు. మనకెప్పుడు?" అంది. జవాబు దొరకలేదు.

ఎక్కడ కొనాలన్న సందేహం మాత్రం మాకు లేదు. మా చెల్లెలు సోలాపూర్‌లోని విడీ ఘర్కుల్‌లో ఉంటుంది. బావగారు పవర్‌లూమ్ మీద తువ్వాళ్ళు నేసేవారు. ముసలితనంలో నలుగురూ తెలుగులో పలకరించే చోట ఉండాలని నా కోరిక. మరాఠీలో చదువుకున్నా, మరాఠీలోనే ఉద్యోగం చేసినా, ఒంట్లో బాగా లేనప్పుడు నోట వచ్చేది "అమ్మా" అనే కదా!

దూరాన ఉన్న పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. మరాఠీలో విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే చిన్న ఇల్లు. హైదరాబాదు రోడ్డు పక్కన బీడీ కార్మికుల కోసం వెలసిన పేట ఇది. తెలంగాణ జిల్లాలనుంచి మగ్గాన్ని నమ్ముకుని సోలాపూర్ చేరిన మన పద్మశాలి కుటుంబాల్లో మగవాళ్ళు సాంచెల మీద నిలబడితే, ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టారు. ఈ ఊళ్ళో సొంతిల్లు అనేది చాలామందికి ఆ చాటలోంచే వచ్చింది. తర్వాత కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరుతో పదివేల ఇళ్ళు కట్టి, 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా బీడీ కార్మిక స్త్రీలకు ఇచ్చారు. రాయనగర్‌లో ముప్ఫైవేల ఇళ్ళ పథకంలో మొదటి పదిహేను వేలు 2024 జనవరిలో చేతికొచ్చాయి. వాటి వెనక నర్సయ్య ఆడం మాస్టారు, ఆయన వెంట నడిచిన ఆడవాళ్ళు ఎన్నేళ్ళు మోర్చాలు తీశారో ఊరంతటికీ తెలుసు.

ఇళ్ళు ఇన్ని ఉన్నాయి కదా, ఒకటి కొనుక్కోవడం ఎంత పని అనుకున్నాను. ఒక ఆదివారం చెల్లెలింటినుంచి బయలుదేరి గ్రూపు గ్రూపు తిరిగాను. "అమ్మబడును" అన్న బోర్డు ఒక్కటి కనపడలేదు. బ్రోకరును అడిగితే కొత్త అపార్టుమెంట్ల కాగితాలు చేతిలో పెట్టాడు. చెల్లెలు నవ్వింది. "అన్నా, ఇక్కడ ఇల్లు అమ్ముతున్నామని ఎవరైనా బోర్డు కడతారా? అప్పులపాలయ్యారని అనుకోరూ? ఇక్కడ ఇల్లు అమ్ముడుపోయాకే ఊరికి తెలుస్తుంది" అంది.

అప్పటినుంచి నాకు గురువు చెల్లెలే. అమ్మకానికి రాని ఇంటిని ఎలా కనిపెట్టాలో ఆమె చెప్పిన గుర్తులు ఏ బ్యాంకు శిక్షణలోనూ నేను వినలేదు. నీళ్ళొచ్చే రోజు సందులో ప్రతి గడపముందూ డ్రమ్ములు వరుస కడతాయి. ఏ గడపముందు డ్రమ్ము లేదో చూడు. దసరాకు సున్నం పడని గోడ ఏదో చూడు. సాంచెలు పాత ఇనుముకు వేసిన ఇల్లు ఏదో విను. బీడీ బ్రాంచికి ఆకు కోసం రావడం మానేసిన ముసలమ్మ ఎవరో అడుగు. కొడుకు పుణెలో స్థిరపడి, కోడలు ఇక్కడికి రానందా, ఇంకో ఏడాదిలో ఆ ఇల్లు మారుతుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు నారళీ పున్నమి. ఆ రోజు మార్కండేయుని రథోత్సవానికి బయటి ఊళ్ళ కొడుకులందరూ వస్తారు. రథం గుడికి చేరాక, రాత్రి భోజనాల దగ్గర అన్నదమ్ములు మాట్లాడుకునేది ఇంటి గురించే!

మధ్యలో బావగారు ఒక దగ్గరి దారి చెప్పారు. "మీ బ్యాంకులో ఎవరి కిస్తీలు ఆగాయో మీకు తెలుసు కదా, బావా!" అన్నారు. తెలుసు. కాని ఖాతాదారు తన కష్టం మా బల్లమీద పెట్టేది మేము దాన్ని బేరం చేసుకోవడానికి కాదు. ఆ మాట అక్కడితో ఆపించాను. అలా ఆపినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా. అసలు పరీక్ష ఇంకా ముందుందని అప్పుడు తెలియదు.

ఆ ఏడు పున్నమి వెళ్ళిన పదో రోజున చెల్లెలు కబురు పెట్టింది. వెనక సందులో ఒక పెద్దమ్మ ఒంటరిగా ఉంటుంది. కొడుకు పుణెలో ఉన్నాడు. తల్లిని తీసుకుపోతానన్నాడట. ఇంకా ఎవరికీ చెప్పలేదు. వెళ్ళి కూర్చున్నాం. రెండు గదులు, ముందు చిన్న వసారా, వేపచెట్టు. పెద్దమ్మ మా అమ్మ పేరు విని, "ఆమె బిడ్డవా! మేమిద్దరం ఒక్క బ్రాంచిలనే బీడీలు పోసినం" అంది. ధర అడిగితే చెప్పింది. నేను విన్నది సరిగానే విన్నానా అనిపించింది. నా అంచనాలో మూడింట రెండు వంతులు కూడా లేదు. ఏళ్ళ కిందట పక్కింటివాళ్ళు అమ్మిన ధర ఆమెకు గుర్తుంది. అదే ఆమెకు తెలిసిన రేటు.

బయటికి రాగానే చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆమె నోటితో ఆమే చెప్పింది. మనం బేరమాడలేదు. రేపే బయానా ఇచ్చెయ్యి" అంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బి.కాం.లో చదువుకున్న సూత్రమొకటుంది. కొనేవాడికీ అమ్మేవాడికీ అన్నీ సమానంగా తెలిసినప్పుడే న్యాయమైన ధర. బజారుకు రాని ఇల్లు చవగ్గా దొరుకుతుందని మనం సంబరపడతాం. ఎందుకు చవక? అమ్మే మనిషికి బజారు ధర తెలియదు గనక. ఆమెకు తెలియనిదానితోనే నా లాభం వస్తుంది.

సూత్రంకన్నా ఎక్కువగా గుర్తొచ్చింది మా అమ్మ. చిన్నప్పుడు బీడీల బుట్ట పట్టుకుని ఆమె వెంట బ్రాంచికి వెళ్ళేవాణ్ణి. అక్కడ బీడీలు చూసి తీసుకునే మనిషి కట్టలు విప్పి, ఇది వదులు, ఇది పొట్టి అంటూ గుప్పెడు గుప్పెడు పక్కన పడేసేవాడు. పడేసినవాటికి కూలి లేదు, వాటిని వెనక్కీ ఇచ్చేవాడు కాదు. 1966లోనే బీడీ కార్మికులకు చట్టం వచ్చింది గాని అది మా అమ్మకు తెలియదు. ఆ మనిషికి తెలుసు. అమ్మ ఏమీ అనేది కాదు, దారిపొడుగునా వేళ్ళు లెక్కపెట్టుకుంటూ నడిచేది. రేపు నేను బయానా ఇస్తే, ఆ బల్ల అవతల కూర్చున్న మనిషికీ నాకూ తేడా ఏమిటి?

పొద్దున్నే వెళ్ళి పెద్దమ్మకు చెప్పాను. రాష్ట్ర ప్రభుత్వం వేసిన రెడీ రెకనర్ ధర ఇది, బయట నడుస్తున్న ధర ఇది, మీ కొడుకుతో మాట్లాడి చెప్పండి అన్నాను. ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసి, "నీకు ఇల్లు వద్దా బిడ్డా?" అంది. కావాలన్నాను.

కథల్లో అయితే ఆ ఇల్లు నాకే దక్కాలి. కొడుకు ఆ ధర విని, ఇంకొంచెం కలిపి ఇచ్చిన గోడపక్కవాళ్ళకు అమ్మేశాడు. తప్పు అతనిది కాదు, అది అతని హక్కు. చెల్లెలు మాత్రం నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. "మంచితనం చూపించడానికి ఇంకో ఇల్లు దొరకలేదా!" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు, అద్దె ఇంటి గోడకు కొత్త క్యాలెండరు మేకు కొట్టింది. ఆ మేకు దెబ్బలు నాకు బాగానే వినపడ్డాయి.

ఏడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం పుణెనుంచి ఫోను వచ్చింది. పెద్దమ్మే! తన వియ్యపురాలు కూడా ఘర్కుల్‌లోనే ఉంటుందట, ఇల్లు తీసేయాలనుకుంటున్నారట. "ధర చెప్పి కొనే మనిషున్నడు, ఆయన్నే పిలువుమని చెప్పిన" అంది. ఆ ఇంటికి వేపచెట్టు లేదు, వసారా ఇరుకు, ధరా తక్కువేమీ కాదు. కొన్నాం.

ఇలా మాటమీద దొరికే ఇళ్ళు కొనేవారికి బ్యాంకు మనిషిగా నాలుగు మాటలు చెప్పాలి. మాటమీద కనుక్కోండి గాని మాటమీద కొనకండి. స్టాంపు కాగితం మీద నోటరీ చేయించుకున్నంత మాత్రాన ఇల్లు మీది కాదు. జనరల్ పవరాఫ్ అటార్నీ మీద సాగే అమ్మకాలతో హక్కు సంక్రమించదని 2011లో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. సర్కారు పథకంలో వచ్చిన ఇల్లయితే అమ్మడానికి గడువులు, అనుమతులు ఉన్నాయేమో ముందు చూడండి. అలాట్‌మెంటు కాగితం, సొసైటీ షేర్ సర్టిఫికెట్టు, అప్పు తీరినట్టు దాఖలా అడగండి. నామినీ వేరు, వారసులు వేరు, కనుక అక్కచెల్లెళ్ళ సంతకాలు కూడా తీసుకోండి. వార్తాపత్రికలో జాహీర్ నోటీసు వేయించండి. మహారాష్ట్రలో ఆడవారి పేరనే రిజిస్టరు చేయిస్తే 2021 ఏప్రిల్ నుంచి స్టాంపు సుంకంలో ఒక శాతం తగ్గింపు ఉంది. మేము మా ఆవిడ పేరనే చేయించాం. తగ్గింపు కోసమే అని ఆమెతో అన్నాను, నమ్మలేదు.

గృహప్రవేశానికి చెల్లెలు అందరికన్నా ముందే వచ్చి గడపకు పసుపు రాసింది. నీళ్ళొచ్చే రోజు ఇప్పుడు మా గడపముందు కూడా రెండు డ్రమ్ములుంటాయి. వాటిని నింపుతూ వీధంతా ఒకసారి చూస్తాను. ఏ గడపముందైనా డ్రమ్ము లేకపోతే, అమ్ముతారేమోనన్న ఆలోచన ఇప్పుడు రాదు. ఆ ఇంటి ముసలమ్మకు ఒంట్లో ఎలా ఉందో కనుక్కుని రమ్మని మా ఆవిణ్ణి పంపుతున్నాను.