ఖటోదరా దారిలో ఓనమాలు

సూరత్ నగరంలో ఉధనా దర్వాజా దాటి దక్షిణంగా సాగే బాటసారికి ఖటోదరా మొదట చెవికి తెలుస్తుంది, తరువాతనే కంటికి కనబడుతుంది. ఇరుకు సందులలో, రేకుల కప్పుల కింద, మేడల మీది గదులలో మరమగ్గాలు ఏకధాటిగా ఆడుతూ ఉంటాయి. ఒకనాడు ఊరి వెలుపలి గ్రామమైన ఈ చోటు నగరం పెరిగిన కొద్దీ దాని కడుపులోకి చేరిపోయింది. పారిశ్రామిక వాడ వచ్చింది. నేత శాలలు, అద్దకపు పనులు, వాటిని అంటిపెట్టుకుని చిన్న చిన్న మరమ్మతు దుకాణాలు వెలిశాయి. కొంతదూరంలో ఉన్న కూడలికి సోసియో అని పేరు. అది 1923 నుండి సూరత్‌లో తయారవుతున్న ఒక పానీయం పేరు. రాజుల పేర్లు, నాయకుల పేర్లు కూడళ్లకు పెట్టే దేశంలో ఒక చల్లని పానీయానికి ఈ గౌరవం దక్కడం సూరత్‌కే చెల్లింది.

ఇక్కడి వారు మరమగ్గాన్ని ‘సాంచా’ అంటారు. సిరిసిల్లలో నేత కార్మికుడు దానినే ‘సాంచె’ అంటాడు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి తరతరాలుగా ఇటు వలస వచ్చిన పద్మశాలీలకు, ఇతర నేత కుటుంబాలకు ఈ నగరంలో అడుగిడిన తొలినాడే తెలిసిన మాట బహుశా ఇదొక్కటే అయి ఉంటుంది. చేతి మగ్గం కూడు పెట్టలేని రోజులలో వారు షోలాపూర్, భివండి, ముంబయి, అహమ్మదాబాద్, సూరత్‌లకు తరలిపోయారు. అహమ్మదాబాదు నుండి చెన్నైకి వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లోను ఆగుతుంది, వరంగల్లులోను ఆగుతుంది. ఎందరికో ఆ బండి ఒక ఇంటి రెండు గదుల మధ్య నడవ వంటిది.

మగ్గాలు ఖటోదరా, ఉధనా వైపున ఉండగా, తెలుగు కుటుంబాలు ఎక్కువగా కాపురముండేది రైలు పట్టాలకు ఆవల, లింబాయత్, పర్వత్ పాటియా ప్రాంతాలలో. ఉదయం ఏడు గంటలకు పాళీ మారుతుంది. పన్నెండు గంటలు మగ్గాల ముందు నిలబడిన తండ్రి కళ్లు నులుముకుంటూ ఇంటికి చేరే వేళకు కూతురు తల దువ్వించుకుని బడికి బయలుదేరుతూ ఉంటుంది. బడికి కూడా రెండు పాళీలే: సవార్ పాళీ, బపోర్ పాళీ, అనగా ఉదయపు బడి, మధ్యాహ్నపు బడి. కార్ఖానాకు, పాఠశాలకు ఒకే మాట వాడే ఊరు ఇది.

సూరత్ పురపాలక సంస్థకు అనుబంధమైన నగర ప్రాథమిక శిక్షణ సమితి ఏడు మాధ్యమాలలో పాఠశాలలు నడుపుతుంది: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. ఒక పురపాలక సంస్థ ఏడు భాషలలో ఓనమాలు దిద్దించడం సామాన్య విషయం కాదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరిగే వసతి కల్పించాలని 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతుంది. దేశంలో చాలాచోట్ల ఆ వాక్యం పుస్తకంలోనే ఉండిపోయింది. సూరత్‌లో దానికి ఒక గది, ఒక నల్లబల్ల, ఒక హాజరు పట్టీ ఉన్నాయి. ఔదార్యం ఒక్కటే దీనికి కారణం కాకపోవచ్చు. ఈ నగరపు బట్టలో పడుగు ఎవరిదైనా, పేక చాలావరకు పరాయి రాష్ట్రాల వారిదే. గంజాం నుండి ఒడియా వారు, ఖాందేశ్ నుండి మరాఠీలు, ఉత్తరప్రదేశ్, బీహార్ల నుండి హిందీవారు రాకపోతే ఈ మగ్గాలు ఆడవు. పిల్లలకు బడి లేని చోట కుటుంబాలు నిలవవు.

హాజరు పిలుపుతో తరగతి మొదలవుతుంది. 2019 జనవరి నుండి గుజరాత్ పాఠశాలల్లో పిల్లలు తమ పేరు విన్నప్పుడు ‘జై హింద్’ అనో ‘జై భారత్’ అనో బదులు చెప్పాలన్న ఆదేశం ఉన్నది. హాజరు పట్టీలో పేర్లు చూస్తే తెలుగువారికి ఒక చిన్న ఊరట కలుగుతుంది. గుజరాత్‌లో ఇంటిపేరు ముందు, పిల్లవాని పేరు తరువాత, తండ్రి పేరు చివర వ్రాస్తారు. మన అలవాటులోనూ ఇంటిపేరు ముందే గదా. స్వదేశంలో ఒక పొడి అక్షరంగా కుదించుకుపోయిన ఇంటిపేరు ఇక్కడ నిండుగా, మొదటి స్థానంలో కూర్చుంటుంది.

అయితే ఆ పేర్లు గుజరాతీ లిపిలోకి ఎక్కినప్పుడు కొంత నలుగుతాయి. గుజరాతీలో ‘ఎ’కు ‘ఏ’కు, ‘ఒ’కు ‘ఓ’కు వేర్వేరు అక్షరాలు లేవు. చెరువుకు, చేరువకు తేడా తెలిసిన పిల్ల, గుజరాతీ గంటలో ఆ తేడాను జేబులో పెట్టుకుని కూర్చోవలసిందే. తెలుగు మాధ్యమపు పిల్లకు నాలుగు లిపులతో పని. తెలుగు గుండ్రంగా తిరుగుతుంది. హిందీ తలమీద గీత గీయించుకుంటుంది. గుజరాతీ అక్షరాలు చాలావరకు హిందీ వాటి వంటివే, తలగీత మాత్రం ఉండదు. కాబట్టి కొత్తగా నేర్చే పిల్లలు గుజరాతీకి గీత పెట్టి, హిందీకి మరచిపోయి, రెండు చోట్లా మార్కులు పోగొట్టుకుంటారు. ఇంగ్లీషు సరేసరి. ఇక అంకెలు. సిటీ బస్సు నెత్తిన గుజరాతీ అంకె ఉంటుంది. లెక్కల పుస్తకంలో అంతర్జాతీయ అంకె ఉంటుంది. గుజరాతీలో ఎక్కాలను ‘ఘడియా’ అంటారు. ‘ఘడియలు అప్పజెప్పు’ అన్నమాట విని కాలమానం గుర్తుకు తెచ్చుకునే తాతలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు.

ఉపాధ్యాయినిని ఇక్కడ ‘బెన్’ అని పిలుస్తారు. అక్క అని అర్థం. తెలుగు పిల్లలు దానికి ‘టీచర్’ చేర్చి ‘టీచర్ బెన్’ చేశారు. ఆమె చెప్పే తెలుగు ఒకటి, పుస్తకంలోని తెలుగు మరొకటి, ఇంట్లో అమ్మ మాట్లాడేది వేరొకటి. ఇంటి తెలుగులో గుజరాతీ, హిందీ, వరంగల్లు పలుకుబడి ఒకే పాత్రలో ఉడుకుతుంటాయి. ‘ఈ బీమ్ ఖలాస్ అయినంక వస్త’ అని తండ్రి చెప్పిన మాటను పాఠ్యపుస్తకపు భాషలోకి మార్చమంటే ఐదో తరగతి పిల్లవాడు తడుముకుంటాడు. అది అతని లోపమనడం అన్యాయం. పుస్తకంలో బీమ్ లేదు, సాంచా లేదు, రాత్రి పాళీ లేదు.

మధ్యాహ్నం భోజనం వస్తుంది. గుజరాత్‌లో పాఠశాలల మధ్యాహ్న భోజన పథకం 1984లో ఆరంభమయింది. ఖిచిడీ, దాల్ ఢోక్లీ, థేప్లా, కూర అన్నం వంటివి వంతులవారీగా వడ్డిస్తారు. పులుపు కోసం నాలుక పీకే పిల్లలకు గుజరాతీ పప్పులోని బెల్లపు తీపి అలవాటు కావడానికి ఒక ఏడాది పడుతుంది. అటుపిమ్మట అదే ఇష్టమై, ఇంట్లో పులుసు తియ్యగా లేదని పేచీ పెట్టిన వారూ ఉంటారు. ఈ రాష్ట్రంలో ‘తిథి భోజన్’ అని ఒక చక్కని ఆచారం కలదు. పుట్టినరోజో, పెళ్లిరోజో, పెద్దల తిథియో వచ్చినప్పుడు ఊరివారు బడి పిల్లలకు తమ ఖర్చుతో భోజనమో మిఠాయో పెడతారు. ఇది తరువాత దేశవ్యాప్త పథకంలోకి కూడా చేరింది. మీటరు లెక్కన కూలి పుచ్చుకునే మగ్గం కార్మికునికి బడి అంతటికీ విందు చేయడం శక్తికి మించిన పని. అయినా ఒక తరగతికి సరిపడా అరటిపండ్లు పంచి, తన పిల్లవాని పక్కన నిలబడి చూసుకునే తండ్రి ముఖంలో కనబడే తృప్తి తక్కువదేమీ కాదు.

ఆగస్టు నెల ఈ బడులకు ఒక విచిత్రమైన కలయికను తెస్తుంది. 24వ తేదీ కవి నర్మద్ జయంతి. గుజరాతీలు దానిని విశ్వ గుజరాతీ భాషా దినంగా జరుపుకొంటారు. 29వ తేదీ గిడుగు వేంకట రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినం. ఐదు రోజుల ఎడం. నర్మద్ 1833లో ఈ సూరత్‌లోనే పుట్టాడు. యౌవనంలో రాందేర్‌లోను, నాన్‌పురాలోను బడిపంతులుగా పనిచేశాడు. గుజరాతీ పదాలకు గుజరాతీలోనే అర్థాలు చెప్పే నిఘంటువును సొంతంగా కూర్చి 1873లో పూర్తిచేశాడు. అమ్లీరాన్‌లో ఆయన ఇల్లు నేటికీ పదిలంగా ఉన్నది. గిడుగువారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసినదే. అంతగా చెప్పుకోనిది వేరొకటి ఉన్నది: కొండలలోని సవరల భాషను ఆయన పట్టుదలతో నేర్చి, ఆ పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు వ్రాసి, తన సొమ్ముతో బడులు పెట్టించారు. తన భాష కాని భాషలో పరాయి పిల్లలకు చదువు చెప్పించిన తెలుగు పంతులు ఆయన. లింబాయత్‌లోని తెలుగు తరగతిలో ఆయన పటం పక్కన నర్మద్ పటం వ్రేలాడదీస్తే ఇద్దరికీ అభ్యంతరం ఉండదు.

పండుగల సంగతి వేరే చెప్పనక్కరలేదు. నగరమంతా గర్బా ఆడే నవరాత్రులలో తెలుగు వాడల్లో బతుకమ్మ పేరుస్తారు. నగరంలో తంగేడు దొరకడం కష్టం కనుక బంతి, చామంతులతో సరిపెడతారు. సంక్రాంతి నాడు ఆకాశమంతా గాలిపటాలు. సూరత్ మాంజా దారానికి దేశమంతటా పేరు. ఆ వారం బడి పిల్లల వేళ్లకు కట్లు కనబడతాయి.

ఈ బడుల గదులు కొన్ని సార్లు ఉన్నట్టుండి ఖాళీ అయినాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పొక్కగానే నగరం నుండి లక్షల మంది పారిపోయారు. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుండి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచింది. అవి వారాల కష్టాలు. 2020 మార్చిలో మూతబడిన ప్రాథమిక తరగతులు మాత్రం గుజరాత్‌లో 2021 నవంబరు దాకా, అంటే ఇరవై నెలలపాటు, తెరుచుకోలేదు. గిర్నార్ దూరదర్శన్‌లో పాఠాలు వచ్చాయి, గుజరాతీలో. తెలుగు పాఠం తండ్రి చరవాణికి వచ్చేది; మగ్గాలు తిరిగి ఆడసాగాక ఆ చరవాణి తండ్రితోపాటు పాళీకి పోయేది. బడి మొదలైనప్పుడు రెండో తరగతిలో కూర్చున్న పిల్లలు ఒకటో తరగతి గది ఎలా ఉంటుందో చూడనివారు.

జూన్ నెల అసలు పరీక్ష. అది పిల్లలకు కాదు, బడికి. 2003 నుండి గుజరాత్ ప్రభుత్వం ఏటా ఈ నెలలో ‘శాలా ప్రవేశోత్సవం’ జరుపుతున్నది. కొత్తగా చేరే పిల్లలకు బొట్టు పెట్టి, చేతికి పలక పుస్తకాలిచ్చి లోపలికి తీసుకుపోతారు. దానికి ముందు ఉపాధ్యాయులు వీధి వీధి తిరిగి బడియీడు పిల్లల లెక్క తీస్తారు. తెలుగు బెన్‌కు ఆ నడక రెండింతలు. గుమ్మంలో చీరలకు చమ్కీలు అతుకుతూ కూర్చున్న తల్లి లేచి మంచినీళ్లిస్తుంది, కుర్చీ వేస్తుంది, ఆపైన అడుగుతుంది: ‘టీచరమ్మా, తెలుగుల సదివితే ఈడ నౌకరి దొరుకుతదా?’ అడిగిన ఆమె తెలివితక్కువది కాదు. దుకాణంలో గుజరాతీ కావాలి, ఆసుపత్రి కాగితం గుజరాతీలో ఉంటుంది, కళాశాలకు ఇంగ్లీషు కావాలి. ఎనిమిదో తరగతి దాటాక తెలుగు బాట సన్నబడుతుందని ఆమెకు తెలుసు. తెలుగు బడిలోనే చదివిన పెద్దకొడుకు ఇప్పుడు మగ్గం మీద ఉన్నాడు కూడా.

బెన్ వద్ద ఉన్న జవాబులు రెండు. ఇంట్లో మాట్లాడే భాషలో చదవడం, వ్రాయడం పట్టుబడిన పిల్లకు మిగతా భాషలు త్వరగా వస్తాయన్నది ఒకటి. తెలుగు బడిలోనూ గుజరాతీ నేర్పుతారన్నది రెండవది. 2023లో గుజరాత్ శాసనసభ చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలోని ప్రతి పాఠశాలా ఒకటి నుండి ఎనిమిది తరగతులకు గుజరాతీ బోధించి తీరాలి. తల్లి తల ఊపుతుంది. ఒక్కొక్కప్పుడు పేరు వ్రాయిస్తుంది, ఒక్కొక్కప్పుడు ‘ఆయన వచ్చినంక అడుగుత’ అంటుంది. ఈ రెండవ మాటకు అర్థమేమిటో బెన్‌కు తెలుసు. పేర్లు తగ్గితే తరగతులు కలుస్తాయి. తరగతులు కలిస్తే ఒక ఉపాధ్యాయ పదవి పోతుంది. ఆ తరువాత ఒక గదికి వేరే భాష బోర్డు పడుతుంది. నగరం ఎవరినీ వెళ్లగొట్టదు. ఆ గది మరొక వలసవాని బిడ్డకు దక్కుతుంది.

తెలుగు బడికి పేరు వ్రాయించే తల్లులలో చాలామందికి అసలు కారణం వేరే ఉన్నది. వారు తిరిగి పోదామనుకుంటున్నారు. ఈ పోదామనుకోవడం కొన్ని ఇళ్లలో మూడు తరాల నుండి సాగుతున్నది. 2017 అక్టోబరులో వరంగల్లు సమీపాన కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. సూరత్, భివండి, షోలాపూర్లకు వలసపోయిన నేతవారిని తిరిగి రప్పించడం దాని ఆశయాలలో ఒకటి. ఆ వార్త నాడు ఈ వాడల్లో ఇంటింటా చదువుకున్నారు. తెలుగులో చదివిన పిల్లయితే అక్కడి బడిలో అదే తరగతిలో కూర్చుంటుందని లెక్క.

ఆ లెక్క కూడా కొంత మారింది. 2022-23 విద్యా సంవత్సరం నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుండి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టారు. పాఠ్యపుస్తకాలు రెండు భాషలలో అచ్చయినాయి: ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు. సూరత్ నుండి బదిలీ పత్రం చేత పట్టుకుని నవజీవన్ ఎక్కిన పిల్ల, వరంగల్లు బడిలో ఆ పుస్తకం తెరచినప్పుడు మొదట వేలు పెట్టి చదవగలిగేది ఆ ఎదుటి పుటనే.